పావుగంటకో ఊపిరి

శుక్రవారం ఉదయం పదకొండూ ఇరవైకి ప్రసూన బిలాస్‌పూర్‌కు అరగంట దూరంలోని బెల్తరా దగ్గరి చేపల ఫారం గేటు దాటేసరికి, ఇన్‌స్పెక్టర్ రమణబాబు అప్పటికే కేసు తేల్చేసి తీరిగ్గా టీ తాగుతున్నాడు.

అతను తేల్చిన కేసు ఇదీ. ముందురోజు సాయంత్రం ఐదున్నరకు ఈ ఫారంలోని పెద్ద సిమెంటు ట్యాంకులో ఓంకార్ శవం దొరికింది. ముప్పై రెండేళ్ళవాడు, చేపల మీద పరిశోధన చేసి ఇక్కడే పనికి చేరినవాడు. ఛాతీ మీద కమిలిన దెబ్బ, ఊపిరితిత్తుల నిండా నీళ్ళు. ట్యాంకులో ఉన్నవి అరపైమా చేపలు, ఆడదొకటి, మగదొకటి. ఒక్కోటీ మనిషికంటే పొడుగు, బరువు వంద కిలోలకు అటూ ఇటూ. బెదిరితే నీళ్ళలోంచి ఎగిరి తలతో కొడతాయి, ఆ తల అంతా ఎముకే. కాపలాదారు అమ్మన్న పైన వల కట్టకుండా వదిలేశాడు, మధ్యాహ్నం రెండులోపే చేప ఎగిరి కొట్టింది, ఓంకార్ పడి మునిగిపోయాడు. భయపడ్డ అమ్మన్న అప్పటికప్పుడు వల కట్టేసి, ముందునుంచీ ఉన్నట్టు చూపించి, బిలాస్‌పూర్ వెళ్ళిపోయాడు. డాక్టరు పన్నెండుకూ ఐదుకూ మధ్య చావు అన్నాడు కాబట్టి రెండులోపు కూడా అందులోనే ఉంది. సాయంత్రం నాలుగింటికి అమ్మన్నను మేజిస్ట్రేటు ముందు నిలబెడతారు.

"అయిపోయింది అక్కా. నువ్వొచ్చి చేసేదేటుంది ఇందులో?" అన్నాడు రమణబాబు, కుర్చీలోంచి లేవకుండానే.

ఇరవై రెండేళ్ళు పోలీసు ఉద్యోగం చేసి మానేసి, బిలాస్‌పూర్ తెలిపారా పేటలో మేడమెట్ల పక్క గది అద్దెకు తీసుకుని డిటెక్టివ్ అని బోర్డు పెట్టుకున్న మనిషి ప్రసూన. రమణబాబు ఒకప్పుడు ఆమె కింద పని నేర్చుకున్నాడు. ఇద్దరి తండ్రులూ శ్రీకాకుళం వైపునుంచి రైల్వేలోకి వచ్చి, ఒకే వరస క్వార్టర్లలో కాపురాలు చేసినవాళ్ళు. ఆ చనువు వల్లే ఆమెను గేటు లోపలికి రానిచ్చాడు, ఆ చనువు వల్లే కూర్చోమని అనలేదు.

పొద్దున్నే ఓంకార్ భార్య శ్రీనిధి ఫోన్ చేసి కేసు చూడమని అడిగింది. ఏడవలేదు. "మా ఆయన మిమ్మల్ని చాలా నమ్మారు ఆంటీ" అని మాత్రం అంది. నమ్మాడు, నిజమే. సోమవారం సాయంత్రం ప్రసూన ఆఫీసుకొచ్చి గంటసేపు కూర్చున్నాడు. ఆ గంటలో ఆమె సగం వింది, సగం ఆవలించింది.

ఆ సగంలో విన్నది ఇప్పుడు అక్షరం అక్షరం గుర్తొస్తోంది. అరపైమా నీళ్ళలో ఉన్నా గాలి పీల్చుకునే బతుకుతుంది. మొప్పలతో పని జరగదు. పావుగంటకోసారి, అటూ ఇటూగా, పైకి వచ్చి దగ్గినట్టు చప్పుడు చేసి గాలి మింగి వెళ్ళాలి. అమెజాన్ వైపు జాలర్లు అలా పైకి వచ్చినప్పుడే బల్లెంతో పొడిచి పొడిచి దాన్ని దాదాపు లేకుండా చేశారట. తర్వాత ఆ జాలర్లే ఆ ఊపిరినే లెక్కపెట్టి, ఏ మడుగులో ఎన్ని ఉన్నాయో తేల్చి, కొన్నిటినే పట్టి మిగతావి వదిలేయడం నేర్చుకున్నారట. చేప మళ్ళీ పెరిగింది. ఓంకార్ ఇక్కడ చేసిందీ అదే. రోజూ ఊపిరి వేళలు పుస్తకంలో రాసేవాడు.

అతను వచ్చింది ఆ కథ చెప్పడానికి కాదు. ఈ చేపలు పిల్లలు పెట్టాయి, యజమాని వాటిని ఒక పాత బొగ్గుగని గుంటలో వదలాలని చూస్తున్నాడు, దానికింకా కొంత టైముంది, సరదాగా గాలం వేసుకునేవాళ్ళ కోసం రిసార్టు కడతాడట. వానాకాలం గుంట పొంగితే పిల్లలు నదిలో పడతాయి, ఇక మన చేపలు మిగలవు. "అక్కడ దీన్ని కాపాడాలి మేడమ్, ఇక్కడ దీన్నుంచి కాపాడాలి" అన్నాడు. చేపల మీద కేసేమిటి నాయనా, అని ప్రసూన నవ్వింది. అతనూ నవ్వి, లేచి వెళ్ళిపోయాడు.

ట్యాంకు దగ్గర ఇద్దరు కానిస్టేబుళ్ళ మధ్య అమ్మన్న గొంతుక్కూర్చుని ఉన్నాడు. అరవై ఆరేళ్ళు. రైల్వే పంప్ హౌస్‌లో ఖలాసీగా రిటైరై ఆరేళ్ళ కిందట ఈ కాపలాకు చేరాడు. నిన్న మధ్యాహ్నం రెండింటికి బ్యాంకుకు వెళ్ళాడు, ఏటేటా పెన్షనుకు ఇచ్చే లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వడానికి. రసీదు మీద టైము మూడూ నలభై ఎనిమిది. తాను బతికే ఉన్నానని వేలిముద్ర వేసి వచ్చిన మనిషిని ఇక్కడ చావు కేసులో పట్టుకున్నారు. తిరిగి వచ్చింది ఐదున్నరకు, దాణా మూటలు వేసుకొచ్చిన ఆటోవాడితో. శవాన్ని ఇద్దరూ ఒక్కసారే చూశారు.

ప్రసూన ట్యాంకు చుట్టూ తిరిగింది. తూర్పు సగం మీద నైలాన్ వల, నాలుగు ఇనప కొక్కాలకు బిగించి, నడిమి అంచు ట్యాంకు అడుగు దాకా దించి ఉంది. నీటి పైన కాదు, నీటి కింద, జానెడు లోతున. ఆ వల కింద ఆడ చేప చచ్చి తేలలేక ఉండిపోతే పొద్దున్నే తీసి గట్టు మీద తడి గోనెల కింద పడుకోబెట్టారు. అరచేయంత పొలుసులు, అంచున ఎరుపు. పడమటి సగంలో వల లేదు. మగ చేప అక్కడే ఉంది, ఓంకార్ దొరికిందీ అక్కడే.

"వల నువ్వే కట్టేవా అమ్మన్నా?"

"నానెందుకు కడతానమ్మా, నీళ్ళ కింద? దానికి ఊపిరాడొద్దేటి?" అన్నాడు అమ్మన్న. "వలంటే నీళ్ళకి మూరెడు పైన కట్టాల. ఆరేళ్ళు దాని దగ్గు ఇంటా ఇక్కడే పడుకున్నాను. అరగంట దాటి గాలి అందకపోతే బతకదని ఓంకార్‌బాబే సెప్పినాడు."

రమణబాబు అంత దూరంనుంచే నవ్వాడు. వల పైనే కట్టాడు, కంగారులో నీళ్ళ పైపు కట్టేయడం మరిచిపోయాడు, మట్టం పెరిగి వల మునిగిపోయింది, అంతే అన్నాడు.

ప్రసూన వంగి ట్యాంకు గోడకున్న పాత గొట్టం మూతి చూపించింది. నీళ్ళు ఎక్కువైతే బయటికి పోవడానికి పెట్టిన గొట్టం అది. మట్టం ఎప్పుడూ ఆ మూతి దగ్గరే, పైకెక్కదు, కిందికి దిగదు, గోడ మీద పాచి గీతా అక్కడే ఉంది. కొక్కాలు దానికంటే జానెడు కింద ఉన్నాయి. ఎంతసేపు పైపు వదిలినా, ఎవరు వదిలినా, ఆ కొక్కాలకు కట్టిన వల కట్టిన నిమిషంనుంచీ నీళ్ళలోనే ఉంటుంది. అమ్మన్న వలను పైన ఇంకో వరస కొక్కాలకు కట్టేవాడు. వాటి మీద ఆరేళ్ళ తాడు ఒరిపిడి స్పష్టంగా ఉంది.

"అంటే ఈ వల కట్టింది చేపంటే నీళ్ళలోనే బతుకుతుందనుకున్న మనిషి. ఈ చేప సంగతి తెలియని మనిషి" అంది ప్రసూన.

"పైపు లెక్కలు కోర్టులో చెప్పుకో అక్కా."

అంతలో ఫారం యజమాని శేషగిరిరావు గొడుగు వేసుకుని వచ్చాడు. బొగ్గు రవాణా కాంట్రాక్టరు, తెలుగు సంఘం అధ్యక్షుడు, కాలనీలో ఎవరింట ఏ తగువొచ్చినా ఇరువైపుల వాళ్ళనూ కూర్చోబెట్టి సర్దిచెప్పే పెద్దమనిషి. ఠాణా మెట్లెక్కకుండా మన గొడవ మనలోనే తేల్చుకోవాలన్నది ప్రసూన తండ్రుల కాలంనుంచీ వస్తున్న పద్ధతి. అమ్మన్న కూడా ఆయన్ని చూడగానే లేచి నిలబడ్డాడు. బాబుగారే ఏదో ఒకటి సెప్తారని ఆ ముసలాయన ఆశ.

"ఆదివారం కార్తీక వనభోజనాలు ఇక్కడే అనుకున్నాం కదమ్మా, వాయిదా వేయించేశాను. మనసేం బాగోలేదు" అన్నాడు శేషగిరిరావు.

ప్రసూన మర్యాదగానే అడిగింది. వచ్చేటప్పుడు తను చూసిన గేటు కెమెరాలో ఆయన కారు రెండూ నలభైకి లోపలికి వచ్చి నాలుగూ ముప్పై అయిదుకు బయటికి వెళ్ళింది. ఆ రెండు గంటలూ ఏం చేశారు? ఆయన తడుముకోలేదు. కాసేపు మామిడితోటలో వంటపొయ్యిలకు చోటు చూశాడు. మూడున్నరనుంచి నాలుగున్నర దాకా ఇదిగో, ఈ ట్యాంకు పక్క బెంచీ మీద ఫ్లాస్కులో కాఫీ తాగుతూ కూర్చున్నాడు. ఓంకార్ రాలేదు. వచ్చి ఉంటే కనిపించేవాడు కదా. అప్పటికే పాపం నీళ్ళ అడుగున ఉన్నాడని తనకేం తెలుసు.

"గంటసేపూ ఇక్కడే ఉన్నారా?"

"కదల్లేదమ్మా. ఎంత ప్రశాంతంగా ఉందో. నీళ్ళు అద్దంలా ఉన్నాయి. ఆకు రాలినా వినపడేంత నిశ్శబ్దం."

ప్రసూన తల ఊపి నోటుబుక్కులో రాసుకుంది. ఆయన రమణబాబుతో రెండు ముక్కలు మాట్లాడి, నెహ్రూ నగర్ వెళ్ళి ఆ శ్రీనిధిని ఒకసారి పలకరించి వస్తానని చెప్పి, పన్నెండూ ఐదుకు కారెక్కి వెళ్ళిపోయాడు. పంపించింది రమణబాబే, కారు దాకా వెళ్ళి మరీ.

అతను తిరిగి వచ్చేసరికి ప్రసూన బెంచీ మీద కూర్చుని చేతి గడియారం చూస్తోంది. పక్కన కూర్చోమంది. పని ఉందన్నాడు. పావుగంట చాలు, నాకోసం కాదు, అమ్మన్న కోసం అంది. గొణుక్కుంటూ కూర్చున్నాడు.

పన్నెండూ పదకొండుకు పడమటి వైపు నీళ్ళు ఉబ్బాయి. నల్లటి తల పైకి వచ్చింది, నోరు తెరుచుకుంది, ముసలాయన గట్టిగా దగ్గినట్టు చప్పుడు. కానిస్టేబులొకడు రెండడుగులు వెనక్కి వేశాడు. అలలు గట్టుకు కొట్టుకుని రమణబాబు బూట్లు తడిశాయి. మళ్ళీ పన్నెండూ ఇరవై అయిదుకు అదే దగ్గు, అవే అలలు.

"పద్నాలుగు నిమిషాలు" అంది ప్రసూన. "నిన్న మధ్యాహ్నం మూడున్నరనుంచి నాలుగున్నర దాకా ఇది కనీసం నాలుగుసార్లు ఇలా దగ్గి ఉండాలి. ఆయనకు ఒక్కసారి కూడా వినపడలేదు. నీళ్ళు అద్దంలా ఉన్నాయట. ఆయన ఇక్కడ కూర్చోలేదు రమణా. కూర్చుంటే ఎలా ఉంటుందో ఊహించి చెప్పాడు, మామూలు చేపల చెరువు పక్కన ఉండేలాగ. ఆరేళ్ళనుంచీ చుట్టాలకు చూపించడానికే తప్ప ఈ చేప దగ్గర పావుగంట నిలబడ్డ మనిషి కాదాయన."

రమణబాబు బూట్లు చూసుకున్నాడు.

"ఇంకొకటుంది. దాని తల చూశావా, ఎంత నల్లగా ఉందో? పిల్లలున్నప్పుడే మగదాని తల అలా నల్లబడుతుంది. పిల్లలన్నీ తండ్రి తల చుట్టూ తిరుగుతుంటాయి, పెంచేది తండ్రే. మరి ఒక్క పిల్ల కనిపించిందా నీకు?"

పిల్లల మాట అమ్మన్న అందుకున్నాడు. బుధవారం దాకా మూడు వందల పైచిలుకు ఉన్నాయి, తానూ ఓంకార్‌బాబూ కలిసి లెక్కపెట్టారు. నిన్న రెండింటికి తాను వెళ్ళేటప్పుడు కూడా ఉన్నాయి. ఇప్పుడు లేవు. పొద్దుటినుంచీ ఆ తండ్రి చేప ట్యాంకు మూలమూలా వెతుకుతోందని చెప్పి కళ్ళు తుడుచుకున్నాడు. లెక్క రాసే పుస్తకం షెడ్డులో మేకుకు వేలాడుతుండేది, అదీ లేదు. పాత పుస్తకాలు ఓంకార్‌బాబు ఇంటికి పట్టుకుపోయాడు.

పిల్లల్ని తోడాలంటే తల్లి అడ్డం రాకుండా చేయాలి. అందుకే దాన్ని తూర్పు సగంలోకి తోలి, పైన వల బిగించారు. చంపాలని కూడా కాదు. చేప కదా, నీళ్ళలో ఉంది కదా అనుకున్నారు. అది అరగంటలో ఊపిరాడక చచ్చింది. ఓంకార్ కెమెరా లేని వెనక గట్టు మీంచి స్కూటరేసుకుని వచ్చి చూసి ఉంటాడు. అడ్డుపడి ఉంటాడు. ఛాతీ మీద దెబ్బ చేప తలదే కానక్కర్లేదు, వల తోసే వెదురుగడది కూడా కావచ్చు.

అంతా విని రమణబాబు మెల్లగా అన్నాడు. "కథ బాగుంది అక్కా. కానీ చేప దగ్గలేదన్నది సాక్ష్యం కాదు. ఆయన చెవుడనుకుంటాను, నిద్రపోయాడనుకుంటాను. ఓంకార్ రెండు తర్వాత బతికి ఉన్నాడని ఒక్క రుజువు చూపించు. అమ్మన్నను ఇప్పుడే వదిలేస్తాను. ఫోన్ నీళ్ళలో పాడైపోయింది, కాల్ రికార్డులు రావడానికి వారం. ఈలోగా నాలుగింటికి కోర్టు."

రుజువు ప్రసూన దగ్గర ఉంది. పొద్దుటినుంచీ హ్యాండ్‌బ్యాగులోనే ఉంది. దాన్ని బయట పెట్టకుండా గొట్టాలతో, గడియారంతో, చేప తలతో పని జరిగిపోతే బాగుండునని ఆమె ఇంతసేపూ పెనుగులాడింది. తెలివితేటలు చూపించడానికి కాదు, సిగ్గుతో. అమ్మన్న తలెత్తి తనకేసే చూస్తున్నాడు. ఆ చూపు ముందు ఇక దాచుకోవడం కుదరలేదు.

ఫోన్ తీసి రమణబాబు చేతికిచ్చింది. గురువారం, మధ్యాహ్నం మూడూ యాభై రెండు, ఓంకార్, పదకొండు సెకన్లు.

"'ఫారంలో ఉన్నాను మేడమ్, అర్జెంటు' అన్నాడు. మీటింగులో ఉన్నాను, తర్వాత చేస్తానన్నాను. కట్ చేశాను."

"ఏం మీటింగు?"

"మీటింగు లేదు. మిక్సీ బాగుచేసే కొట్లో ఉన్నాను. వాడు బేరం తెగనివ్వడం లేదు. తర్వాత చెయ్యనూ లేదు, మరిచిపోయాను."

రమణబాబు ఎకసెక్కం చేసుంటే ఆమెకు తేలిగ్గా ఉండేది. కానిస్టేబుల్‌ను పిలిచి కాగితం తెమ్మన్నాడు. సోమవారం ఓంకార్ వచ్చి చెప్పిన మాటలతో సహా, ఆమె చెప్పినది చెప్పినట్టు రాయించాడు. మూడూ నలభై ఎనిమిదికి అమ్మన్న బ్యాంకులో ఉన్నాడు, మూడూ యాభై రెండుకు ఓంకార్ ఫారంలో బతికి ఉన్నాడు, అదే గంటలో ట్యాంకు పక్కనే ఉన్నానన్న శేషగిరిరావు అతన్ని చూడలేదు. కేసు అటునుంచి ఇటు తిరగడానికి నాలుగు వాక్యాలు సరిపోయాయి. ప్రసూన సంతకం పెట్టింది.

అమ్మన్నను వదిలారు. అతను లేచి దణ్ణం పెట్టబోయి ఆగాడు.

"ఆ బాబు మీకు ఫోన్ సేసినాడేటమ్మా? మీరు మాటాడుంటే బతికీవోడేటి?"

కోపంగా అడగలేదు, తెలుసుకుందామనే అడిగాడు. బతికేవాడేమో. ఇంకో నిమిషం ఆ ఫోన్ పట్టుకుని ఉంటే, అవతల వినేవాళ్ళున్నారని తెలిసి గడ పట్టుకున్న చెయ్యి ఆగేదేమో. ఈ ఏమోలు తన జన్మంతా తనతోనే ఉంటాయని ఆమెకు అప్పుడే అర్థమైంది.

రమణబాబు స్టేట్‌మెంటు మళ్ళీ చదువుకుంటూ వచ్చాడు. ఈసారి అతని గొంతులో పాత రోజుల శిష్యుడున్నాడు.

"ఒక్కటి తేలట్లేదక్కా. గుంటలో వదలడానికి ఇంకా టైముందని ఓంకార్ నీతో సోమవారం అన్నాడు. మరి శేషగిరిరావు గురువారమే, కాపలావాడు లేని రెండు గంటలు చూసి, తనే స్వయంగా వచ్చి పిల్లల్ని ఎందుకు తోడించేశాడు? అచ్ఛా, ఓంకార్ బయటికి చెప్తున్నాడని ఈయనకెవరు చెప్పారు?"

ప్రసూన తల అడ్డంగా ఊపబోయింది. సగంలో ఆగిపోయింది.

సోమవారం రాత్రి ఎనిమిదింటికి వనభోజనాల వంటల గురించి శేషగిరిరావుకు ఫోన్ చేసింది తనే. పులిహోర ఎవరు, పాయసం ఎవరు, అన్నీ అయ్యాక, పెట్టేసే ముందు మామూలుగా అంది. మీ ఓంకార్ వచ్చాడండీ, చేపపిల్లల్ని గుంటలో వదులుతున్నారని బాధపడుతున్నాడు, లెక్కలన్నీ రాసి పెట్టుకున్నాడట, పుస్తకాలు ఇంట్లో భార్య దగ్గరున్నాయట, పిలిచి మీరూ మీరూ మాట్లాడుకోండి, మన వాళ్ళలో పోలీసులెందుకు. కాలనీలో ఎవరైనా అలాగే అంటారు. నాన్న ఉన్నా అలాగే అనేవాడు. అది ఒకరి రహస్యం ఇంకొకరికి చేరవేయడం అని ఆమెకు ఈ నిమిషం దాకా తోచనే లేదు. కట్ చేసిన ఫోన్ గురించి కుమిలిపోతూ, చేసిన ఫోన్‌ను మరిచిపోయింది.

"నేనే" అంది.

రమణబాబుకు అర్థం కాలేదు. ఆమె అప్పటికే శ్రీనిధి నంబరు నొక్కుతోంది. టైము పన్నెండూ యాభై. శేషగిరిరావు బయల్దేరి ముప్పావుగంట. ఇక్కణ్ణుంచి నెహ్రూ నగర్‌కు అరగంట. రమణబాబు ఆమె ముఖం చూసి, ఏమీ అడక్కుండా జీపు డ్రైవర్‌కు సైగ చేసి, తన ఫోన్‌లో కంట్రోల్ రూమ్‌ను పిలిచాడు.

నాలుగో రింగుకు శ్రీనిధి ఎత్తింది.

"అంకుల్ ఇక్కడే ఉన్నారాంటీ. చాయ్ పెడుతున్నా. బహుత్ అచ్ఛే సే, ఎంతో బాగా మాట్లాడుతున్నారు. మా ఆయన రాసిన పుస్తకాలు కావాలంట. నా దగ్గరున్నాయని మీరే చెప్పారంట కదా, ఇచ్చెయ్యనా?"

ప్రసూన ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది. ఆ పుస్తకాలు పోతే మూడు వందల పిల్లల లెక్క పోతుంది, శేషగిరిరావు ఎందుకు చంపాడో చెప్పే కాగితం పోతుంది. పోతే పోనీ అనుకుంది.

"ఇచ్చెయ్యమ్మా. అన్నీ ఇచ్చెయ్. ఇచ్చి, పక్కింటికి పాలకని చెప్పి బయటికి వచ్చెయ్. ఇప్పుడే."

"పాలున్నాయాంటీ" అంది శ్రీనిధి. ఆ అమ్మాయికి ఇంకా ఏమీ తెలియదు. "ఇంకో మాట. నాకు తెలుగు చదవడం సరిగా రాదు కదా, అయినా పొద్దుటినుంచీ కూడబలుక్కుని ఆఖరి పుస్తకం మొత్తం చదివేశా. ఎవరెవరు ఎప్పుడొచ్చి ఏమన్నారో అన్నీ రాశారు మా ఆయన. అదే అంకుల్‌కి కూడా చెప్పాను."

ప్రసూన పరిగెత్తి జీపెక్కింది, ఫోన్ చెవికి అలాగే అదుముకుని. బయటికి రమ్మని మళ్ళీ చెప్పబోయేంతలో, అవతల గదిలోంచి శేషగిరిరావు గొంతు వినిపించింది. చాలా మెత్తగా, ఇంటి పెద్ద మాట్లాడినట్టు, ఆ ఫోన్ పెట్టేసి వీధి తలుపు గడియ వేసి రమ్మని శ్రీనిధికి చెబుతున్నాడు.